ప్రభువు పొలంలో పిచ్చితోటకూర

మా బేతని సంఘంలో ఎన్ని ముఠాలున్నా పిచ్చితోటకూర దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట. దాన్ని దేవుడు మొదటి వారంలోనే చేశాడని ఒకరు, ఆదాము తప్పు చేశాక శాపంగా మొలిచిందని ఇంకొకరు వాదించుకుంటారు గానీ, అది చావాలన్న దగ్గర అందరూ ఏకమవుతారు. మా కాన్సస్ రాష్ట్రంలో సోయా వేసిన ఏ రైతునడిగినా చెప్తాడు. రోజుకు రెండంగుళాలు పెరుగుతుంది, ఒక్క ఆడమొక్క లక్షల గింజలు రాలుస్తుంది, కాండం ముదిరితే కోతయంత్రం పళ్ళు విరుగుతాయి. ముప్ఫై ఏళ్ళు నా ఉద్యోగం దానితోనే గడిచింది. రైతుల సహకార సంఘం తరఫున పొలాలు తిరిగి, ఏ కలుపు ఎక్కడ మొలిచిందో చూసి, ఏ మందు కొట్టాలో చెప్పేదాన్ని.

నా పేరు డెలోరా ఉన్రూ. అరవై మూడేళ్ళు. నా భర్త ఆర్లిస్ పోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లల్లేరు. నాకు మిగిలిందల్లా ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు సంఘం కింది గదిలో పదకొండు మంది ఆడవాళ్ళకు చెప్పే బైబిలు తరగతి. ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను. ఆర్లిస్‌ని శనివారం పూడ్చిపెట్టి ఆదివారం కూడా వెళ్ళి చెప్పాను, ఎందుకంటే ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేది. ఆ తరగతిని నా దగ్గర్నుంచి లాక్కోవడానికి పోయిన జూన్‌లో ఒక కాగితం వచ్చింది. తెచ్చినవాడు వెర్లిన్ బావగారు. ఆర్లిస్‌కు అన్న, డెబ్భై ఆరేళ్ళ మనిషి, ముప్ఫై నాలుగేళ్ళుగా సంఘంలో పరిచారకుడు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచేది ఆయనే.

కాగితం పుట్టించింది ఆయన కాదు, పాస్టర్ బ్రాంట్. ఆ కుర్రాడు మాకు వచ్చి రెండేళ్ళయింది. గడ్డం చక్కగా కత్తిరించుకుంటాడు, ప్రసంగంలో గ్రీకు మాటలు చల్లుతాడు, సోయాకూ పశువులకేసే అల్ఫాల్ఫా గడ్డికీ తేడా తెలియదు. కానీ సృష్టి ఎన్ని గంటల్లో పూర్తయిందో నిమిషాలతో సహా తెలుసు. సంఘంలో పాఠం చెప్పేవాళ్ళూ పదవిలో ఉన్నవాళ్ళూ ఏటా విశ్వాస పత్రం మీద సంతకం పెట్టాలని తీర్మానం చేయించాడు. రెండు వేల ఏళ్ళు విశ్వాసం కాగితం లేకుండానే బతికింది, పాపం, ఇప్పుడు దానికి ఊతకర్ర కావలసి వచ్చింది.

దానికి నేనే కారణమని అందరికీ తెలుసు. వసంతంలో ఒక ఆదివారం తరగతిలో ట్వైలా ష్రాగ్ అడిగింది.

"పోయినేడు మా పొలంలో మూడుసార్లు మందు కొట్టాం డెలోరా. చావలేదు. దేవుడు చేసినప్పుడే దానికి ఆ మందు తట్టుకునే బలం ఇచ్చాడంటావా?"

ట్వైలా మంచి మనిషి, ఇరుకున పెడదామని అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. తర్వాత చెప్తాలే అని దాటెయ్యాల్సింది. నాకు దాటెయ్యడం చేతకాదు.

"లక్ష మొక్కల్లో ఒకటో రెండో కొంచెం తేడాగా పుట్టాయి. మందు మిగతావాటిని చంపింది, అవి మిగిలాయి. వాటి గింజలే మళ్ళీ మొలిచాయి. మళ్ళీ అదే మందు కొట్టారు. దీన్నే జీవపరిణామం అంటారు ట్వైలా. నీ పొలంలోనే జరిగింది, నువ్వు డీజిలు పోసి మరీ జరిపించావు."

పదిమంది నవ్వారు. పదకొండో ఆవిడ ఇంటికెళ్ళి మధ్యాహ్నం భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. బుధవారం ప్రార్థన కూటం నాటికి అది ‘మనమంతా కోతులకు పుట్టామంటోంది డెలోరా’గా తయారైంది.

నా మీద నవ్వే హక్కు ముందు నాదే, కాబట్టి నా చరిత్ర నేనే చెప్తాను. ఇరవై ఏళ్ళప్పుడు నేను ఆరు దినాల మనిషిని, దేవుడు సర్వం ఆరు రోజుల్లోనే చేశాడని నమ్మే రకం. భూమికి ఆరు వేల ఏళ్ళు, అంతకు ఒక్కరోజు ఎక్కువ ఒప్పుకునేదాన్ని కాదు. వ్యవసాయ కళాశాల పరీక్షల్లో మాస్టారు కోరిన జవాబులు రాసి మంచి మార్కులు తెచ్చుకుని, దేవుడి కోసం అబద్ధాలు రాశానని లోలోపల మురిసిపోయేదాన్ని. మా నాన్న సుద్దగుట్టల్లో సొరచేప పన్ను దొరికితే నోవహు కాలపు జలప్రళయం అనేవాడు. సముద్రానికి వందల మైళ్ళ దూరంలో సొరచేప ఏం చేస్తోందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, ఆ మూడింటినీ నేను బాగా పట్టుకున్నాను.

నలభై దగ్గర పడుతుండగా నాకు తెలివి వచ్చింది, అంటే తెలివి వచ్చిందనుకున్నాను. విచిటా నుంచి ఒక ఉపన్యాసకుడు వచ్చాడు. ఆరు దినాల మాటే ఎత్తలేదు. ఇంటెలిజెంట్ డిజైన్ అన్నాడు. జీవంలో ప్రతి ముక్కా ఇంకో ముక్క మీద ఆధారపడి ఉంటుంది, ఒక్కటి తీసినా పని చెయ్యదు, కాబట్టి తెలిసినవాడెవడో ముందే నమూనా గీసుకుని ఒక్కసారిగా బిగించి ఉండాలి అన్నాడు. ఉదాహరణకు గోధుమ కోతయంత్రం బొమ్మ చూపించాడు. ఒక్క బెల్టు తీసేస్తే ఇది కోస్తుందా అని అడిగాడు. కోయదు, కోయదు అని తలలూపారు మా రైతులు. ఆ గదిలో కూర్చున్న ప్రతివాడూ సగం ముక్కలు ఊడిపోయిన కోతయంత్రాన్ని ఇనుపతీగతో కట్టి, ఒక దాని భాగం ఇంకోదానికి తగిలించి, ఇరవై పంటలు కోసినవాడే. ఒక్కడైనా నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు సరికదా, ఆ బొమ్మ కాపీ చేయించుకుని ఆరేళ్ళు చుట్టుపక్కల సంఘాలన్నిట్లో అదే ఉపన్యాసం ఇచ్చాను. శాస్త్రం తెలిసిన విశ్వాసురాలినని జనం చప్పట్లు కొడితే ఎంత బాగుండేదో.

ఆ తర్వాత పిచ్చితోటకూర నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఒక పొలంలో వంద మొక్కలు లెక్కపెట్టి గుర్తులు కట్టాను. మందు కొట్టాక రెండు బతికాయి. మరుసటేడు అదే చోట నలభై బతికాయి. మూడో ఏడు పొలమంతా పచ్చగా నిలబడి ఉంది. ఎవడూ నమూనా గీయలేదు, ఎవడూ బెల్టు బిగించలేదు. చచ్చేవి చచ్చాయి, మిగిలేవి మిగిలాయి. రైతులకు మాత్రం ‘మందుకు అలవాటు పడింది’ అని చెప్పేదాన్ని, అసలు మాట అంటే తలుపు మూసేస్తారని. మొక్క అలవాటు పడడమేమిటి, పొగాకా అది? మెల్లగా ఉపన్యాసాలు మానేశాను. దేవుణ్ణి మానలేదు. మానేసి ఉంటే ఈ గొడవే లేదు, ఆదివారం పొద్దెక్కేదాకా పడుకునేదాన్ని. దేవుడు సృష్టిని మొదలుపెట్టి వదిలేసి పోయే రకం కాదు, ఇంకా చేస్తూనే ఉన్నాడని మాత్రం నమ్మకం కుదిరింది.

ఇక ఆ జూన్ మధ్యాహ్నం. వెర్లిన్ బావగారు నా వంటగదిలో కూర్చుని టోపీ మోకాలికి తగిలించుకుని కాగితం నా ముందుకు తోశాడు.

"సంతకం పెట్టెయ్యి. కాఫీ చల్లారేలోపు అయిపోయే పని."

"మూడో వరుస చదివారా? ‘సమస్త జీవజాతులు నేడున్న రూపంలోనే సృజింపబడినవనియు, అవి మారలేదనియు, మారవనియు నమ్ముచున్నాను.’"

"చదవకుండా పెడతానా. నేను పెట్టేశాను."

"మరి మీ ఆవులకి కొమ్ములేవి బావగారూ? మీ నాన్న హయాంలో ఒక్కోటీ మనిషిని ఎత్తి కుమ్మేది."

"కొమ్ముల్లేని దూడల్ని చూసి చూసి నిలుపుకున్నాను. అక్కడ నేనున్నాను. ఏరడానికి ఒక మనిషి ఉన్నాడు. అది వేరు."

"మీరు ఏరితే ముప్ఫై ఏళ్ళు పట్టింది. మందు ఏరితే మూడేళ్ళలో అయిపోయింది. మీకన్నా మందుకే తెలివెక్కువేమో."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "నీతో వాదించి గెలవడం ఆర్లిస్ వల్లే కాలేదు. నీకు క్లాసు కావాలా వద్దా, అది చెప్పు. ఆగస్టు ఆఖరు దాకా గడువు. తర్వాత ఆ గది పాస్టరు భార్యకి ఇస్తారట."

"బైబిల్లో రూతు, నయోమిల్లో ఎవరు అత్తో ఎవరు కోడలో ఆ పిల్లకి తెలుసా?"

"నేర్చుకుంటుందిలే," అని లేచి కాఫీ కప్పు తనే కడిగి బోర్లించి వెళ్ళాడు. సంతకం పెడితే తరగతి ఉంటుంది, పెట్టకపోతే పోతుంది. పెట్టమని ప్రాణం లాగుతూనే ఉంది, పెట్టనివ్వకుండా ఒళ్ళు మండుతూనే ఉంది. కాగితాన్ని పిండి డబ్బా కింద పెట్టాను.

మా సంఘానికి ప్రభువు పొలం అని ఒకటుంది, రోడ్డు పక్కనే ఇరవై ఎకరాలు. మగవాళ్ళంతా కలిసి దున్ని, విత్తి, కోసి, పంటను దూరదేశంలో ఒక ఆసుపత్రికి పంపుతారు. మా తాతల కాలం నుంచీ ఉన్న ఆచారం. విత్తేముందు అందరూ గట్టు మీద మోకరించి ప్రార్థన చేస్తారు. ఆ పొలం పెత్తనం వెర్లిన్ బావగారిది. పాత మందుతో ఇక లాభం లేదు, వేరేది కొట్టండని ఆయనకు ఏప్రిల్లోనే చెప్పాను. సంఘ పెద్దలు కూర్చుని ఆలోచించి, ఇది ప్రభువు పొలం, ఇతరుల పొలాల్లో పని చెయ్యకపోయినా ఇక్కడ చేస్తుంది అని తేల్చారు. ఇలాంటి తప్పు ప్రపంచంలో మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. ప్రార్థన చేసిన పొలమని మొక్కకు ఎవరు చెప్పాలి?

మూడుసార్లు కొట్టారు. మూడోసారి మోతాదు పెంచి కొట్టారు. జూలై ఆఖరుకు సోయా మోకాలెత్తున, పిచ్చితోటకూర మనిషెత్తున ఉన్నాయి. ఒక శనివారం కొందరు దిగి పీకి, పీకినవి వరసల మధ్యే పడేసి ఇంటికి పోయారు. రాత్రి వాన పడింది. పడేసినవన్నీ వేళ్ళు తన్ని, సమాధిలోంచి లేచిన లాజరుల్లా లేచి కూర్చున్నాయి. పక్క సంఘం మెథడిస్టులు కార్లు ఆపి మరీ చూసి వెళ్ళేవారు.

ఆగస్టు రెండో వారంలో బావగారు మళ్ళీ నా గుమ్మంలోకి వచ్చాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. మావాళ్ళ సంగతి నాకు కొత్తా?

"గింజ పట్టకముందే తీసెయ్యాలి డెలోరా. లేకపోతే పదేళ్ళు ఆ పొలం లేవదు. శనివారం పొద్దున అందరం వరసల్లో దిగుతాం. ఏది ముందు పీకాలో, ఎట్లా పీకాలో నువ్వొచ్చి చూపించు."

"ఆగస్టు ఆఖరు తర్వాత నోరు మూసుకుని కూర్చోవాల్సిన మనిషిని. ఇప్పుడు నేనెందుకు గుర్తొచ్చాను?"

"ఆసుపత్రి కోసం," అన్నాడు.

వస్తానన్నాను. ఎందుకు వస్తానన్నానో అప్పటికే నా మనసులో ఉంది, దాన్ని దాచి పుణ్యం కట్టుకోను.

శనివారం ఆరున్నరకే నలభై మంది గట్టు మీద చేరారు. చేతులకు తొడుగులు, నీళ్ళ పీపాలు, ఎవరో తెచ్చిన తీపి రొట్టెలు. పాస్టర్ బ్రాంట్ కొత్త బూట్లు వేసుకుని వచ్చి ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాక అందరూ నా వైపు తిరిగారు. నేను బావగారి ట్రక్కు వెనక బల్ల మీదికి ఎక్కి నిలబడ్డాను.

"చూపిస్తాను. దానికి ముందు బ్రదర్ వెర్లిన్‌ని ఒక్క మాట అడుగుతాను. మూడుసార్లు మందు కొట్టారు కదా, ఎందుకు చావలేదు?"

బావగారు టోపీ సర్దుకున్నాడు. "మందులో బలం లేదు."

"ఆ డబ్బాలోదే నా పెరట్లో కొట్టి చూశాను. గడ్డి మాడి మసైంది."

"వానలు సరిగ్గా లేవు."

"పక్క పొలంలో ఇదే వాన. అక్కడ వేరే మందు కొట్టారు, చచ్చింది."

"డెలోరా, ఎండెక్కుతోంది," అంది ట్వైలా మెల్లగా.

"ఎక్కనీ. కారణం తెలియకపోతే వచ్చే ఏడు మళ్ళీ అదే మందు కొడతారు. బ్రదర్ వెర్లిన్ చెప్తే మొదలుపెడదాం. మొక్కలు మారాయా, మారలేదా?"

పాస్టరు తన చేతితొడుగుల వేళ్ళు ఒక్కొక్కటే సరిచేసుకుంటున్నాడు. సమాధానం తన దగ్గర ఉన్న మనిషి అంత శ్రద్ధగా తొడుగులు సరిచేసుకోడు.  బావగారు పొలం వైపు చూసి టోపీ తీశాడు. టోపీ కింద ఎప్పుడూ ఎండ తగలని నుదురు పైభాగమంతా తెల్లగా ఉంది.

"మారాయి," అన్నాడు. "బతకగలిగినవి బతికాయి. వాటి గింజలు మొలిచాయి. మూడేళ్ళుగా అంతే జరుగుతోంది."

"దాన్ని ఏమంటారు?"

"పరిణామం అంటారు."

వినపడేట్టే అన్నాడు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. పదిహేనేళ్ళకు పైగా రైతుల ముందు నా నోట్లో దాచుకున్న మాట, మా సంఘంలో అందరికన్నా మొండి నోటి నుంచి, పాస్టరు ఎదురుగా, పట్టపగలు బయటికి వచ్చింది. బల్ల దిగి, ఆడమొక్క ఎట్లా ఉంటుందో, కంకి పట్టుకుంటే ఎట్లా గుచ్చుకుంటుందో చూపించాను. వేరుతో సహా పీకి మోసుకొచ్చి గట్టు మీద కుప్ప వెయ్యాలని, ఒక్కటి పొలంలో పడేసినా వాళ్ళ తల మీదే మొలుస్తుందని చెప్పాను. సాయంత్రానికి ఇరవై ఎకరాలూ అయిపోయాయి. కుప్పలు తగలబెట్టేటప్పుడు నేను పాట కూడా అందుకున్నాను.

గురువారం పాస్టర్ బ్రాంట్ మా ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సిస్టర్ డెలోరా, మీరు సంతకం పెట్టనక్కర్లేదు. మీ తరగతి మీదే. పెద్దలు నిర్ణయించారు."

"అంత జ్ఞానం ఎక్కణ్ణుంచి వచ్చిందో?"

"బ్రదర్ వెర్లిన్ పరిచారకుడిగా తప్పుకున్నారు. నిన్న ఉత్తరం ఇచ్చారు. అందులో మీ తరగతిని ముట్టుకోవద్దని రాశారు." గడ్డం నిమురుకుని, "ఆయన్ని వద్దనడానికి ప్రయత్నించాను. వినలేదు," అన్నాడు.

ఆ కుర్రాడి మొహంలో మొదటిసారి నాకు వెక్కిరించడానికి ఏమీ దొరకలేదు. నా తరగతి నాకు దక్కింది. ఇంతకాలం అదే కదా నేను కోరుకున్నది, అయినా పాస్టరు కుర్చీలోంచి లేవకముందే నేను బావగారింటికి బయల్దేరాను.

బావగారు కొట్టంలో కోతయంత్రం కింద పడుకుని కందెన పూస్తున్నాడు. నన్ను చూసి బయటికి జరిగి లేచి కూర్చున్నాడు.

"ఆ ఉత్తరం వెనక్కి తీసుకోండి బావగారూ."

"ఎందుకు?"

"నా క్లాసు కోసం మీరు తప్పుకోవడమేంటి?"

"నీ కోసం కాదు. నీ సంగతి అడుగున ఒక ముక్క రాశాను, అంతే." గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. "జూన్‌లో మారవని సంతకం పెట్టాను. ఆగస్టులో మారాయని అందరి ముందు చెప్పాను. రెంట్లో ఒకటి అబద్ధం. ఏదైతేనేం, ఆ చేత్తో ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచలేను."

"ఆగస్టులో చెప్పింది అబద్ధం కాదు."

"నాకు తెలీదా? మందు కొట్టేది నేనేగా. మూడేళ్ళ నుంచీ తెలుసు."

"తెలిసీ సంతకం ఎందుకు పెట్టారు?"

"తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. రోజూ పొద్దున్నే దేవుడితో అదే మాట్లాడుకుంటున్నాను. కొంచెం కొంచెంగా వస్తోంది. ముసలాణ్ణి, నాకు టైం పడుతుంది." కందెన డబ్బా మూత బిగించాడు. "నువ్వు రెండుసార్లు మారావు డెలోరా. ఒక్కసారైనా నిన్నెవరైనా నలుగురిలో నిలబెట్టి చెప్పించారా?"

"లేదు."

"ఆ ఉపన్యాసాలు ఉన్నట్టుండి మానేసినప్పుడు నిన్ను పిలిచి నిలదీద్దామన్నారు పెద్దలు. వద్దన్నాను. ఆ పిల్లకి ఏదో లోపల నలుగుతోంది, దాన్ని దాని పద్ధతిలో తేల్చుకోనివ్వండి అన్నాను."

ఆయన మళ్ళీ యంత్రం కిందికి జరిగాడు. ఊళ్ళో నోరున్న మనిషినని నాకు పేరు. ఆ పూట మాత్రం ఆ కొట్టం నేల మీద కూర్చుని, ఆయన చెయ్యి చాచినప్పుడల్లా పనిముట్లు అందించాను.